చిల్లర డబ్బాలో చవక బేరాలు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



వరలక్ష్మీ వ్రతం నాడు కలశంలో వేసే వెండి రూపాయి మీలో చాలామంది ఇళ్ళల్లో ఉండే ఉంటుంది. ఏడాదికొకసారి బీరువాలోంచి తీసి, చింతపండుతో తోమి, పసుపూ కుంకుమా పెట్టి, పూజ కాగానే మళ్ళీ పాత రవికగుడ్డలో చుట్టి దాచేస్తాం. దానిమీద ఎవరి బొమ్మ ఉందో, ఏ సంవత్సరంలో వేసిందో మనలో ఎంతమంది చూసి ఉంటాం? నేనైతే పెళ్ళయి పదకొండేళ్ళు వచ్చేదాకా చూడలేదు. బళ్ళో పాత నాణెం ఒకటి తెచ్చి చూపించమన్నారని మా అబ్బాయి ఆ మూట విప్పి, "అమ్మా, దీనిమీద 1862 అని ఉందే!" అన్నాడు. అప్పుడు చూశాను. విక్టోరియా రాణి, జడ చుట్టూ కిరీటం, గౌను మీద పూల పని. మా అత్తగారిని అడిగితే, "మా అత్తగారిచ్చారు, అంతకుమించి నాకేం తెలుసమ్మా" అన్నారు.

ఆ రోజు పట్టుకున్న నాణేల పిచ్చి ఇంతవరకూ వదల్లేదు. మావారు మాత్రం చీరల పిచ్చికంటే ఇదే నయమంటారు, బీరువాలో చోటు తక్కువ పడుతుందట.

ఈ సరదా కలవారికేగాని మనబోటివాళ్ళకు ఎక్కడ సాగుతుందని మీకు అనిపించవచ్చు. అదే ఇవాళ చెబుదామనుకుంటున్నాను. పాత నాణేల కొట్టుకు వెళ్ళి, ఇంటి ఖర్చులో మిగుల్చుకున్న డబ్బుతోనే మంచి నాణేలు ఎలా సంపాదించుకోవచ్చో, ఆ చవక బేరం వెనక ఏముంటుందో, నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు కొట్టు సంగతి. నేనుండేది హైదరాబాదులో. ఇక్కడ చార్మినారు చుట్టుపక్కల సందుల్లో పాత నాణేలు అమ్మేవాళ్ళున్నారు. పేవుమెంటు మీద గుడ్డ పరిచి అమ్మేవాళ్ళూ ఉన్నారు. గురువారం జరిగే జుమ్మేరాత్ బజారులోనూ, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ పాత ఇనప సామానుల మధ్య ఓ సీనారేకు డబ్బాలో నాణేలు కనిపిస్తుంటాయి. నేను అలవాటుగా వెళ్ళేది మాత్రం ఒక చిన్న కొట్టు. ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు మెట్టుమీద ఆగాలి. అద్దాల బల్ల కింద వెండి రూపాయలు, వెనకాల ఆల్బములు, బల్లమీద చిన్న త్రాసు, పక్కన ఓ పెద్ద ప్లాస్టిక్ డబ్బా. ఆ డబ్బా నిండా ఏ వరసా లేని చిల్లర. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను అందరిలాగే అద్దాల బల్ల మీదికి వంగి, "ఇదెంత, అదెంత, కాస్త తగ్గించండి" అంటూ కూరగాయల బేరం మొదలుపెట్టాను. ఆయన నవ్వి, "వెండి రేటు నేను తగ్గించలేను బహెన్" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అద్దాల బల్ల కింద ఉన్నవాటి విలువ ఆయనకు బాగా తెలుసు. అక్కడ మనం గీచి గీచి బేరమాడితే తగ్గేది ఏ పదో ఇరవయ్యో. అసలు చవక ఎక్కడుంటుందంటే, ఆయన విడదీసి చూడటానికి తీరిక లేని చోట. చిల్లర డబ్బాలో ఏది తీసుకున్నా ఒకటే రేటు. అందులోంచి ఏరుకునే ఓపికా, ఏరుకునేందుకు కాస్త తెలివిడీ మనకుంటే చాలు. బియ్యంలో రాళ్ళు ఏరిన చేతులకు ఇదో లెక్కా చెప్పండి?

తెలివిడి అన్నాను గనుక కొన్ని గుర్తులు చెబుతాను. స్వతంత్రం వచ్చాక వేసిన నాణేల మీద, సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాదు టంకశాలలో వేసింది. డైమండు గుర్తు ఉంటే బొంబాయిది. చుక్క ఉంటే నోయిడాది, అది 1988లో మొదలైన టంకశాల. ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. ఒకే సంవత్సరంలో ఒక టంకశాలవాళ్ళు కోట్ల కొద్దీ వేస్తే, ఇంకొకరు కొద్దిగానే వేసి ఉంటారు. కొట్టువాళ్ళలో చాలామంది ఈ చిల్లరకు అంత శ్రమ పడరు, అన్నీ ఒకే డబ్బాలో పోస్తారు. 1985 రూపాయి బిళ్ళ మీద సంవత్సరం కింద ఇంగ్లీషు 'హెచ్' అక్షరం కనిపించిందా, అది ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో వేయించి తెప్పించింది. చిల్లర కరువు తీర్చడానికి ఆ రోజుల్లో మన ప్రభుత్వం బయటి దేశాల్లో కూడా నాణేలు వేయించింది. మన చేతుల్లోంచి, మన కొంగుముడుల్లోంచి పోయిన రూపాయలే అవి. ఆ అక్షరం చూసుకున్నవాళ్ళు ఎంతమంది?

మన ఊరి టంకశాల ముచ్చట కూడా ఒకటి చెప్పుకోవాలి. 1803లో నిజాం ప్రభువులు పెట్టింది, 1903లో సైఫాబాదుకు మారింది, 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చింది, 1997లో చర్లపల్లికి తరలింది. సైఫాబాదు పాత భవనంలో 2022లో నాణేల మ్యూజియం తెరిచారు. నిజాం కాలపు హాలీ సిక్కా నాణేలు ఇక్కడి కొట్లలో ఇంకా దొరుకుతాయి. వాటి మీద ఉర్దూ అంకెలుంటాయని చాలామంది ముట్టుకోరు. నేనూ భయపడ్డదాన్నే. పక్కింటి టీచరమ్మ ఒక మధ్యాహ్నంలో నేర్పేసింది. సున్న అంటే చుక్క. ఒకటి నిలువు గీత. రెండుకు ఆ గీత తలమీద ఒక కొంకి, మూడుకు రెండు. అయిదు, కొస పైకి పెట్టిన తమలపాకు. ఏడు ఇంగ్లీషు 'వి' అక్షరం, దాన్ని బోర్లిస్తే ఎనిమిది. తొమ్మిది మనం ఇంగ్లీషులో రాసే తొమ్మిదిలాగే ఉంటుంది. నాలుగూ ఆరూ మాత్రం కాస్త తికమక పెడతాయి, నాలుగు రోజులు చూస్తే అవీ పట్టుబడతాయి.

ఆ సంవత్సరం హిజ్రీ సంవత్సరం. దాన్ని మన లెక్కలోకి మార్చడం సులువు. నూటికి మూడు చొప్పున తీసేసి, 622 కలపండి. 1337 అని ఉందనుకోండి, నలభై తీసేస్తే 1297, దానికి 622 కలిపితే 1919. ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు, అంతే. చార్మినారు బొమ్మ ఉన్న రూపాయి అయితే ఆ ద్వారంలోకి చూడండి, ఒక చిన్న అక్షరం ఉంటుంది. 'మీం' అయితే మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్. ఇది తెలిసిన తరువాత నేను కొట్టులో రెండు అణాల బిళ్ళల మధ్య తేడా చెబితే, ఆ పెద్దాయన మొదటిసారి నాకు స్టూలు వేశాడు.

ఇంకొక డబ్బా బేరం చెబుతాను. మన పెద్దవాళ్ళు చిల్లుకాణీకి కొరగాడని తిట్టేవాళ్ళు కదా, ఆ చిల్లుకాణీ 1943 నుంచి 1947 వరకూ వేసిన నాణెం. యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి మధ్యలో చిల్లు పెట్టారు. చిల్లర డబ్బాలో ఇప్పటికీ చవకగానే దొరుకుతుంది. పిల్లలకు సరదా పుట్టించాలంటే అంతకంటే మంచిది లేదు. మూడు పైసల బిళ్ళ కూడా అంతే, 1964 నుంచి కొద్ది ఏళ్ళపాటు వేసిన ఆరు మూలల అల్యూమినియం బిళ్ళ. అది లక్షలు చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. సంతలో గుప్పెళ్ళతో దొరుకుతుంది.

పేవుమెంటు మీద ఒకసారి ఎనిమిదణాల బిళ్ళ దొరికింది నాకు, జార్జి చక్రవర్తిది, 1919 సంవత్సరానిది. రెండు మూడేళ్ళు మాత్రం ఎనిమిదణాల బిళ్ళను వెండితో కాకుండా రాగీ నికెలూ కలిపి వేశారు. జనానికి నచ్చక మానేశారు. ఆ అమ్మేవాడు దాన్ని రాయిమీద గీసి చూసి, వెండి కాదని తెలిసి, చిల్లరలో పారేశాడు. వెండి కాకపోవడమే దాని గొప్ప అని పుస్తకంలో చదివి ఉన్నాను గనుక తీసుకున్నాను. అందుకే అంటాను, నాణెం కొనేముందు పుస్తకం కొనండి. నేషనల్ బుక్ ట్రస్టువారు 1969లో వేసిన పరమేశ్వరీలాల్ గుప్తాగారి 'కాయిన్స్' ఇంగ్లీషు పుస్తకంతో నేను మొదలుపెట్టాను. దాని ఖరీదు రెండు సంతల్లో రాబట్టుకున్నాను.

ఇక వెండి రూపాయల దగ్గరకు వద్దాం. ఇక్కడ చవక అంటే ఏమిటో తెలియాలంటే ముందు అట్టడుగు ధర తెలియాలి. 1939 వరకు వేసిన ఇంగ్లీషు రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. అందులో అసలు వెండి సుమారు 10.7 గ్రాములు. 1940 నుంచి 1945 వరకు వేసినవాటిలో సగమే వెండి, సుమారు 5.8 గ్రాములు. 1947 రూపాయిలో వెండే లేదు, అది నికెలు, వెనకాల పులి బొమ్మ ఉంటుంది. హాలీ రూపాయిలో తొమ్మిది గ్రాముల పైచిలుకు. ఆ రోజు పత్రికలో కిలో వెండి ధర చూసి, వెయ్యితో భాగించి, ఈ గ్రాములతో హెచ్చవేసుకోండి. ఆ ధరకు కాస్త అటూ ఇటూగా దొరికిన మంచి రూపాయి ఎప్పటికీ నష్టం కాదు. సగం వెండి రూపాయిని పూర్తి వెండి ధరకు అమ్మజూసేవాళ్ళున్నారు, జాగ్రత్త. దాని అంచు చూడండి. నిలువు గీట్ల మధ్య చుట్టూ సన్నని కాలవలా నొక్కు ఉంటే అది యుద్ధకాలపు సగం వెండిది.

వంటింటి వస్తువులే పరీక్షకు చాలు. ఫ్రిజ్ తలుపుకు అంటించుకునే అయస్కాంతం తీసుకువెళ్ళండి. వెండిని అది లాగదు. లాగిందంటే ఇనుమో నికెలో. గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు కొనుక్కుంటే మరీ మంచిది. ఎంత అరిగినా తులం రూపాయి అర గ్రాముకు మించి తగ్గిందంటే అనుమానించాల్సిందే. దొంగ నాణేలు ఈ మధ్య బాగా వస్తున్నాయి. ముఖ్యంగా 1939 రూపాయి. అది నిజంగానే అరుదు. అందుకే 1938 రూపాయిలో చివరి ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేస్తారు. భూతద్దంలో ఆ అంకె చుట్టూ చూస్తే గీరిన జాడ తెలుస్తుంది. అంత ఖరీదైనది మొదటి పదేళ్ళూ మన జోలికి రాకపోవడమే క్షేమం.

చిల్లు పడ్డ రూపాయలూ, కొక్కెం అతికించినవీ కూడా చూస్తూ ఉండండి. మన అమ్మమ్మలు రూపాయల దండలు వేసుకునేవాళ్ళు. ఆ దండలోవి విడదీసి అమ్మితే సేకరించేవాళ్ళు ముఖం తిప్పుకుంటారు, వెండి ధరకే పోతాయి. నా ఆల్బములో ఎడ్వర్డు రాజు రూపాయి, అదే కిరీటం లేని బట్టతల రాజు, చిల్లుదే. మంచిది కొనేదాకా ఆ గడి ఖాళీగా ఉండటమెందుకని పెట్టాను. తీరా ఇప్పుడు దాన్ని తీసేయబుద్ధి కావడం లేదు. ఎవరి మెడలో ఎన్నేళ్ళు ఉందో!

నా తెలివితక్కువ పని కూడా చెప్పాలి. మొదటి ఏడాది సంతలో విక్టోరియా రాణి కాణీ ఒకటి కొన్నాను. చాక్లెట్టు రంగులో, కాస్త నల్లగా ఉంది. శుక్రవారం దేవుడి గిన్నెలు తోముతూ దాన్నీ చింతపండుతో రుద్దేశాను. ధగధగా మెరిసింది. గర్వంగా కొట్టుకు పట్టుకెళ్ళి చూపించాను. పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు. "చర్మం ఒలిచేశావమ్మా" అన్నాడు. రాగి మీద ఏళ్ళ తరబడి పట్టే ఆ రంగే దానికి కవచం, దాని వయసుకు సాక్ష్యం. ఒకసారి పోతే మళ్ళీ రాదు. నాలుగో వంతు కూడా రాదన్నాడు. ఆ కాణీ ఇప్పటికీ ఉంది, మెరుస్తూనే ఉంది. తోమకండి, పాలిష్ చేయకండి, విభూతి కూడా రుద్దకండి. మెత్తని ప్లాస్టిక్ సంచుల్లో కూడా ఏళ్ళ తరబడి ఉంచకండి. ఆ ప్లాస్టిక్ చెమర్చి నాణేలకు పచ్చటి జిగురు పడుతుంది. కాగితపు కవర్లు మేలు.

కొట్టువాళ్ళతో ఎలా మెలగాలో రెండు మాటలు. ఆదివారం రద్దీలో వెళ్ళకండి. మామూలు రోజు, మధ్యాహ్నం భోజనాల తరువాత వెళితే డబ్బా ముందు గంట కూర్చున్నా ఎవరూ విసుక్కోరు. మనం ఏం వెతుకుతున్నామో చెప్పి ఉంచితే, అలాంటిది వచ్చినప్పుడు పక్కన పెడతారు. ప్రతిదానికీ బేరమాడకుండా, నాలుగైదు ఏరుకుని "అన్నీ కలిపి ఎంత?" అంటే వాళ్ళే తగ్గిస్తారు. అప్పు పెట్టకండి. ఒకటి తెలిసి ఉండాలి, ఇవాళ వందకు కొన్నది రేపు అదే కొట్టులో అమ్మబోతే వంద రాదు. వాళ్ళూ బతకాలి, అద్దె కట్టాలి. అందుకని బంగారం కొన్నట్టు దాచిపెట్టే సొమ్ము దీంట్లో పెట్టకండి. ఇది సరదా, సరదాగానే ఉండనివ్వండి.

మోసాల గురించి చెప్పకుండా ఉండలేను. బియ్యాన్ని లాగే నాణెమని, 'రైస్ పుల్లింగ్' అని మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్ని కొంపలు ముంచారో పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. అలాంటి నాణెం లోకంలో లేదు. ఒకవైపు రామ పట్టాభిషేకం, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం ఉన్న రాగి బిళ్ళలు చూపిస్తారు. కంపెనీవాళ్ళు అలాంటివి ఎన్నడూ వేయలేదు. దేవుడి గూట్లో పెట్టుకుంటే పెట్టుకోండి, పురాతనమని మాత్రం కొనకండి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు, పది రూపాయల బిళ్ళలకు లక్షలిస్తామని ఫోన్లలో ప్రచారం చేస్తారు. అమ్మబోతే ముందు 'ఫీజు' కట్టమంటారు, అక్కడితో వాళ్ళు మాయం. తమ పేరు చెప్పి ఇలా మోసాలు జరుగుతున్నాయని రిజర్వు బ్యాంకు 2021లో బహిరంగంగానే హెచ్చరించింది.

పొలం దున్నుతుంటే దొరికాయని ఎవరైనా బంగారు నాణేలు తెస్తే అసలు ముట్టుకోకండి. పది రూపాయల విలువకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. అమెరికాలో ఉన్న అమ్మాయికి అమ్మమ్మ రూపాయలు పంపాలనుకునే తల్లులకు ఇంకో మాట. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 చట్టం ప్రకారం పురాతన వస్తువులు, వాటిని మనంతట మనం దేశం దాటించకూడదు. ఊరగాయ సీసాల మధ్య పెట్టి పంపేయకండి.

చవక బేరం వెనక ఏముంటుందో చెబుతానన్నాను. అది చెప్పకుండా లేవలేను.

కొన్నేళ్ళ కిందట, శ్రావణమాసం ముందు, కొట్టులో స్టూలు మీద కూర్చుని డబ్బా వెతుక్కుంటున్నాను. ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో, పల్లెనుంచి బస్సులో వచ్చినట్టుంది. కొంగుముడి విప్పి బల్లమీద పదిహేడు రూపాయలు పోసింది. "గివి మా అత్త దాసిన రూపాయలు సేటూ. బిడ్డకు కాలేజీ ఫీజు కట్టాలె" అంది. పెద్దాయన ఒక్కొక్కటే తిప్పి చూడలేదు. అన్నీ కలిపి త్రాసులో వేశాడు. పైన ఉన్న రూపాయి నావైపు తిరిగి ఉంది. జార్జి చక్రవర్తి, 1911.

ఆ సంవత్సరం కథ మీకు చెప్పాలి. జార్జి చక్రవర్తి మొదటి రూపాయిలో, ఆయన అంగీమీది హారంలో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం పొట్టిగా పడి అది పందిలా కనిపించిందట. ముస్లిములకు అభ్యంతరమైంది, గొడవైంది. ప్రభుత్వం ఆ నాణేలను ఆపేసి, మిగిలినవి వెనక్కి తీసుకుని, 1912లో ఏనుగును సరిగా చెక్కించింది. బయట మిగిలినవి తక్కువ. అందుకే సేకరించేవాళ్ళందరికీ అది కావాలి. మూడేళ్ళుగా నేనూ వెతుకుతున్నాను.

నాకు తెలుసు. ఆమెకు తెలియదు. పెద్దాయన అప్పటికింకా చూడలేదు. నేను ఒక్కమాట అంటే చాలు. అనలేదు. ఆమె డబ్బు లెక్కపెట్టుకుని, రెండోసారి కూడా లెక్కపెట్టుకుని, కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. తరువాత నేను "భాయిసాబ్, అందులో ఒకటి తీసుకోనా?" అన్నాను. ఆయన తీసుకొమ్మన్నాడు. వెండి ధర మీద కాస్త వేసి ఇచ్చాను. ఇంటికొచ్చి మావారికి చూపిస్తే, "మంచి బేరమే కొట్టావే" అన్నారు. నా జన్మలో అంత చవకగా కొన్నది ఇంకోటి లేదు. వచ్చినవాళ్ళకు ఆల్బము చూపించేటప్పుడు ఆ పేజీ మాత్రం గబుక్కున తిప్పేస్తాను.

తప్పెవరిది అంటే చెప్పలేను. కొట్టువాడు చట్టప్రకారం బరువుకు బరువు కొన్నాడు. నేను డబ్బిచ్చి కొనుక్కున్నాను. కాని ఆ అమ్మాయి ఫీజులో ఎంత తగ్గిందో, ఎవరి దగ్గర చెయ్యి చాచారో అని ఎన్నో రాత్రులు అనిపించింది. ఆమె కోసం మళ్ళీ అడిగాను, ఏ ఊరో ఆయనకూ తెలియదు.

ఆ తరువాత కొట్టులో ఎవరైనా ఆడవాళ్ళు మూట విప్పితే, నాకు సంబంధం లేకపోయినా, "అక్కా, తూకం వేయించకముందు సంవత్సరాలు చూసుకున్నావా?" అని ఒక్కమాట అంటున్నాను. మొదటిసారి అన్నప్పుడు పెద్దాయనకు కోపం వచ్చింది. రెండు నెలలపాటు చిల్లర డబ్బా బల్లకింద పెట్టేశాడు. వెళ్ళి ఊరికే కూర్చుని వచ్చేదాన్ని. మూడోనెల ఏమనుకున్నాడో డబ్బా పైకి వచ్చింది. ఇప్పుడు ఆయనే కొందరికి ఒక్కొక్క నాణెం తిప్పి చూసి విడిగా ధర కడుతున్నాడు. అందరికీ కడుతున్నాడని మాత్రం అనను.

మీలో కొనేవాళ్ళకంటే, ఎప్పుడో ఒకప్పుడు అవసరానికి అమ్ముకునేవాళ్ళే ఎక్కువ ఉంటారని నాకు తెలుసు. ఆ రోజు వచ్చినప్పుడు ఇలా చేయండి. నాణేలను తోమకుండా బల్లమీద పరచండి. ఒక కాగితం మీద, రాణో రాజో, ఏ సంవత్సరమో, చిల్లు ఉందో లేదో వరసగా రాయండి. పిల్లల చేత ఫోనులో రెండువైపులా ఫోటో తీయించండి. వెండి ధర ఇంట్లోనే లెక్కవేసుకుని వెళ్ళండి. ఒక కొట్టులో చెప్పిన ధరకు ఇవ్వకుండా కనీసం మూడుచోట్ల అడగండి. నాణేల సంఘాలవాళ్ళు పెట్టే ప్రదర్శనల్లో పదిమంది వ్యాపారులు ఒకేచోట ఉంటారు, అక్కడైతే తిరగడం సులువు. అన్నీ కలిపి త్రాసులో వేస్తానంటే, "ఒక్కొక్కటి చూడండి" అనండి. అనడానికి సిగ్గుపడకండి. 1862 అని ఉన్నంతమాత్రాన అరుదని కూడా అనుకోకండి. ఆ రూపాయిని అదే సంవత్సరం వేసి 1874 వరకూ ముద్రిస్తూనే పోయారు. వెనకవైపు చుక్కల లెక్కతో తేడాలు పట్టుకుంటారు. కొన్ని మామూలువి, కొన్ని కావు.

మా ఇంటి 1862 రూపాయి చుక్కలు నేనూ లెక్కపెట్టాను. మామూలుదే. అయినా అమ్మేది కాదు గనుక కలశంలోనే ఉంది. తోమడం మాత్రం మానేశాను. మంచినీళ్ళలో ముంచి, మెత్తని గుడ్డతో అద్ది, పసుపు పెడుతున్నాను. వరలక్ష్మి నల్లరూపాయి చూసి కోప్పడదుటే అని మా అత్తగారు ఏటా అడుగుతూనే ఉన్నారు.